బెంగళూరులో బిడ్డల ఇంట: చూడదగినవి, వినదగినవి

(ఉరవకొండలో జరిగిన మన విశ్రాంత ఉద్యోగుల సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం ‘పెద్ద నగరాలలో వినోదం, సాంస్కృతిక కార్యక్రమాలు’. కార్యదర్శిగారు ఈ మాట చెప్పగానే నేనొక సవరణ కోరినాను. పెద్ద నగరాలన్నిటి గురించి మాట్లాడితే ఎవరికీ పనికిరాదు. మన ఉరవకొండలో పింఛను తీసుకునేవాళ్లలో చాలామందికి పెద్ద నగరమంటే బెంగళూరే. బిడ్డల ఉద్యోగాలు అక్కడ, మనవళ్ల చదువులు అక్కడ, ఇప్పుడు మన గుండె డాక్టర్లు, కంటి డాక్టర్లు కూడా అక్కడే. హైదరాబాదులో రవీంద్రభారతి ఉంది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అవి తెలిసినవారు ఇంకోసారి చెప్తారు. నేను బెంగళూరుకే పరిమితమవుతాను.

ముందుగా ఒక సంగతి. మనలో ఎవరైనా బెంగళూరు పోయి నెల ఉండి వస్తే, “ఏం చూసి వచ్చినావప్పా?” అని అడుగుతాం. చాలామంది చెప్పేది ఒకటే. “ఏం చూసేది! తొమ్మిదో అంతస్తు. పొద్దున వాళ్లిద్దరూ ఆఫీసుకు పోతారు, బిడ్డ స్కూలుకు పోతాడు, మేమిద్దరం ఇంటికి కాపలా. ఆదివారం కారులో ఒక మాల్‌కు తీసుకుపోయినారు.” మాల్ అంటే ఏముంది? చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుండదు, తినేవన్నీ మనకు పడనివి. పిల్లలను తప్పుపట్టడం లేదు. వారమంతా ట్రాఫిక్‌లో నలిగిన మనిషి ఆదివారం అంతకంటే ఏం చేయగలడు? నేను చెప్పేదల్లా, ఆదివారం కోసం, కారు కోసం కాచుకొని కూర్చోవద్దండి అని. నగరంలో మనలాంటివాళ్లకు తగినవి చాలావరకు వారం మధ్యలో, తక్కువ ఖర్చుతో, కొన్ని ఉచితంగానే దొరుకుతాయి. మన పింఛను డబ్బుతో, మన కాళ్లతో పోయి రాగలిగినవే.

రెండో సంగతి ఆడవాళ్ల గురించి. ప్రభుత్వం మనకొక తేదీ చెప్పి, దండవేసి, ఇంటికి పంపింది. ఇంట్లో ఆమెకు ఆ తేదీ రాలేదు. ఇక్కడ మన వంట చేసింది, అక్కడికి పోయినా కోడలు ఆఫీసుకు పోయేలోగా క్యారియర్లు కట్టాలి. కానుపుకని పోయిన తల్లి, అత్త, ఆరునెలలు అక్కడే ఉండి లాల్‌బాగ్ కూడా చూడకుండా తిరిగి వచ్చిన ఇళ్లు ఈ ఊర్లో ఎన్నో నాకు తెలుసు. ఆయన మాత్రం పొద్దున్నే పేపరు పట్టుకొని పార్కుకు పోయి, సాయంత్రం ఏదో సభకు పోయి వస్తాడు. ఇది న్యాయం కాదు. నేను చెప్పే చోట్లన్నీ ఇద్దరూ కలిసి పోవలసినవని దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్కపూట వంట వాళ్లే చూసుకుంటారు. హోటళ్లకు ఆ ఊర్లో ఏం కొదువ!

ఇంక భయాలు. భాష రాదనే భయం మనకు అసలు ఉండకూడదు. బళ్లారి మనకు పక్కనే. 1882 వరకు అనంతపురం కూడా బళ్లారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న మనం ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చినాము, బళ్లారి మైసూరుకు పోయింది. రాష్ట్రాలు వేరైనా చుట్టరికాలు, సంతలు వేరు కాలేదు. ఉరవకొండలో కన్నడం ఒక ముక్కైనా రానివాడిని వెదకవలసిందే. పైగా రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలు. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు పట్టుకుంటే చాలు, నాలుగు రోజుల్లో బస్సు బోర్డు కూడబలుక్కొని చదివేయవచ్చు. ఢిల్లీ నుంచి వచ్చి పదేళ్లున్న ఇంజనీరు చదవలేని బోర్డును మన ఇంటామె చదువుతుంది. నేను కళ్లారా చూసినాను.

దారి తప్పుతామనే భయానికి మందు మెట్రో. 2011లో చిన్నగా మొదలై, ఇప్పుడు ఊదా లైను వైట్‌ఫీల్డు నుంచి చల్లఘట్ట దాకా, ఆకుపచ్చ లైను మాదావర నుంచి సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా పోతున్నాయి. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర వైపు పసుపు లైను కూడా వచ్చింది. ఊదా, ఆకుపచ్చ లైన్లు మెజెస్టిక్ దగ్గర కలుస్తాయి. ఈ ఒక్క మాట తెలిస్తే సగం ఊరు తెలిసినట్టే. లిఫ్టులుంటాయి, పెద్దవాళ్లకు సీట్లుంటాయి, స్టేషన్లలో మరుగుదొడ్లుంటాయి. నవ్వకండి, మన వయసులో ఊరు చూడాలా వద్దా అని తేల్చేది ఈ చివరి విషయమే. పొద్దున పది దాటినాక బయలుదేరి, సాయంత్రం నాలుగున్నరలోగా తిరుగుముఖం పడితే నిలబడే పని తక్కువ. ఒక కార్డు కొనుక్కొని డబ్బు వేయించుకుంటే ప్రతిసారి టికెట్టు కోసం వరుసలో నిలబడనక్కరలేదు.

బస్సు విషయం ఒకటి మా అక్కచెల్లెళ్లకు చెప్పాలి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు ‘శక్తి’ పథకం కింద సాధారణ బస్సుల్లో ఉచితం. అది ఆ రాష్ట్రం చిరునామా ఉన్నవాళ్లకే. మన ఆధార్ చూపి కండక్టరుతో వాదన పెట్టుకోవద్దు. మనకు 2025 ఆగస్టు 15న వచ్చిన ‘స్త్రీ శక్తి’ మన రాష్ట్రం బస్సులకే చెల్లుతుంది.

ఇప్పుడు చోట్ల సంగతి. లాల్‌బాగ్ నుంచి మొదలుపెడతాను. హైదర్ అలీ 1760లో వేయించిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. ఆకుపచ్చ లైనులో ఆ పేరుతోనే స్టేషనుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలమీద, అదీ పడని ఏళ్లే ఎక్కువగా చూస్తూ బతికినవాళ్లం మనం. ఒక చెట్టు మొదలును చుట్టి రావడానికి నాలుగు అడుగులు పట్టడం మనకు వింతే. జనవరిలో గణతంత్ర దినానికి, ఆగస్టులో స్వాతంత్ర్య దినానికి గాజుమేడలో పూల ప్రదర్శన పెడతారు. ఆ గాజుమేడకు 1889లో పునాది వేసినారు. అయితే ప్రదర్శన రోజుల్లో, ముఖ్యంగా సెలవు దినాల్లో, తొక్కిసలాట. నన్నడిగితే ఒక మంగళవారం పొద్దున పోయేది మేలు. ముఖ్యద్వారం దగ్గరే పెద్ద బండ ఉంటుంది, దానిమీద కెంపేగౌడ గోపురం. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. పడగ విప్పిన పాములాంటి కొండ కింద పుట్టి పెరిగినవాళ్లం, రాళ్లు మనకు కొత్తా అంటారు. కాని ఆ బండమీద కూర్చొని చూడండి, మన ఇంటి అరుగుమీద కూర్చున్నట్టుంటుంది. మన సభ్యుల్లో ఒకాయన ఇల్లాలు పోయినాక కొడుకు దగ్గరికి పోయి, మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మొదట మాట కలిపింది ఆ బండమీద, చిత్తూరు నుంచి వచ్చిన ఇంకొక పింఛనుదారుతో. ఇప్పుడు ఫోను ఆయనే చేస్తాడు, మనం పెట్టేయాలి.

లాల్‌బాగ్ నుంచి ఒక్క స్టేషను అవతల నేషనల్ కాలేజి. అక్కడ దిగితే బసవనగుడి, గాంధీబజారు. నా లెక్కలో పెద్దవాళ్లకు బెంగళూరంటే ఈ పేటే. పూలు, పళ్లు, ఊదువత్తులు, గ్రంథాలు, 1943 నుంచి ఉన్న విద్యార్థిభవన్ దోసె. దోసె కోసం కాచుకోవలసి వస్తుంది, కాచుకున్నందుకు నష్టముండదు. ఈ పేటలోనే బి.పి. వాడియా గారు 1945లో స్థాపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్ ఉంది. గ్రంథాలయం, సాయంత్రం ఉపన్యాసాలు, సంగీతం. అదే ఏడు డి.వి. గుండప్పగారు పెట్టిన గోఖలే సంస్థ కూడా ఇక్కడే. రెండు చోట్లా ‘మీరెవరు’ అని అడిగేవాడు లేడు. పోయి వెనక వరుసలో కూర్చోవడమే.

బసవనగుడి అనగానే చెప్పవలసింది ఒకటుంది, దానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. కార్తీక మాసం చివరి సోమవారం అక్కడ ‘కడలెకాయి పరిషె’ జరుగుతుంది. కడలెకాయి అంటే మన చెనిక్కాయ, పరిషె అంటే తిరునాళ్ల. దొడ్డ బసవన్న గుడి ఎదుట రోడ్డు పొడుగునా రెండు పక్కలా చెనిక్కాయ కుప్పలు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి, ఎర్రవి, నల్లవి, ఒక గింజది, మూడు గింజలది. తూకం కంటే సేరు కొలతే ఎక్కువ కనిపిస్తుంది. కర్ణాటక పల్లెల నుంచే కాక తమిళనాడు నుంచి, మన సీమ నుంచి కూడా తెస్తారు. కథ ఏమంటే, ఒకప్పుడు ఆ చోటును సుంకేనహళ్లి అనేవారు. రైతుల చెనిక్కాయ పైరును ఒక ఎద్దు రాత్రిపూట వచ్చి మేసిపోయేదట. కాపలా కాసి కొట్టబోతే అది రాయైపోయిందట. అప్పటినుంచి తొలి పంట ఆయనకు సమర్పించుకుంటామని మొక్కుకున్నారట. చెనిక్కాయ మన దేశపు పంట కాదు, దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చింది, కాబట్టి కథకు, చరిత్రకు ఎక్కడ పొంతన కుదురుతుందో ఆలోచించుకోవచ్చు. బసవన్న మాత్రం ఆ ఆలోచన పెట్టుకోడు, ఏటా తింటూనే ఉన్నాడు.

మనకూ చెనిక్కాయకూ ఉన్న సంబంధం నేను చెప్పాలా? మన జీతాలు ప్రభుత్వం ఇచ్చింది, కాని మనల్ని చదివించింది చెనిక్కాయ. పంట వచ్చిన ఏడు ఫీజు కట్టినారు, రాని ఏడు అప్పు తెచ్చినారు. జిల్లాలో లక్షల ఎకరాల్లో ఆ ఒక్క పంటే వేసి, వానకోసం మొగులు చూస్తూ ఎన్ని కుటుంబాలు చితికిపోయినాయో ట్రెజరీలో, రెవెన్యూలో, బ్యాంకుల్లో పనిచేసినవాళ్లకు కాగితాలమీద తెలుసు. ఇళ్లలో అందరికీ తెలుసు. అలాంటి కాయను ఒక మహానగరం నడిబజారులో కుప్పపోసి పండుగ చేయడం చూస్తే మనకు కలిగే భావం వేరు. మన మనవళ్లను తప్పకుండా చేయిపట్టుకొని తీసుకుపోవలసింది అక్కడికే. ఆ బిడ్డకు చెనిక్కాయ అంటే ప్యాకెట్టులో వచ్చేది. చెట్టుకు పైన కాస్తుందా, మట్టిలో కాస్తుందా అని అడిగి చూడండి. ఆ ఒక్కరోజు మీరు గురువు, వాడు శిష్యుడు. కాయ చేతిలో ఆడించి, చెవి దగ్గర ఊపి, గింజ నిండిందో లేదో చెప్పి చూపించండి. వాళ్ల నాన్నకు కూడా ఆ విద్య సగం మరుపే. ఈమధ్య సంతను సోమవారానికి అటూ ఇటూ కొన్ని రోజులు పెంచి జరుపుతున్నారు. సోమవారం రాత్రి జనసముద్రం. ముసలివాళ్లు, చిన్నబిడ్డలు ఉంటే మరుసటిరోజు పొద్దున పోవడం మంచిది. కుప్పలు అప్పుడూ ఉంటాయి, ధర కూడా కాస్త దిగుతుంది.

ఆ దగ్గరలోనే గవిపురంలో గవి గంగాధరేశ్వరుడు. గవి అంటే గుహ అని గవిమఠం ఉన్న ఊరి వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సంక్రాంతి నాటి సాయంత్రం సూర్యకిరణాలు నంది కొమ్ముల నడుమ నుంచి పోయి లింగాన్ని తాకేటట్లు కట్టినారు. ఆ రోజు లోపలికి పోవడం కష్టం. మామూలు రోజున పోతే ప్రశాంతంగా గుహలో ప్రదక్షిణం చేయవచ్చు. తల వంచుకొని నడవాలి, నడుము నొప్పి ఉన్నవాళ్లు గమనించాలి.

సంగీతం ఇష్టమున్నవాళ్లు ఉగాది దాటినాక పోండి. చామరాజపేటలో ఫోర్టు హైస్కూలు మైదానంలో శ్రీరామసేవా మండలి వారి శ్రీరామనవమి సంగీతోత్సవం 1939 నుంచి జరుగుతోంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, బాలమురళీకృష్ణ పాడిన పందిరి అది. అక్కడ నాకు ఎప్పుడూ ఒక వింత అనిపిస్తుంది. పాడేవారు తమిళులు కావచ్చు, తలూపేవారు కన్నడిగులు కావచ్చు, పాడేది మాత్రం త్యాగయ్య, అంటే మన మాట. పక్కన కూర్చున్న కన్నడ పెద్దమనిషి “ఈ చరణానికి అర్థమేమిటి సార్?” అని అడుగుతాడు. రాగం పేరు ఆయన చెప్తాడు, అర్థం మనం చెప్తాం. సంగీతం రాదు కదా అని వెనకాడేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. గాయన సమాజమైతే 1905 నాటిది. వయోలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య స్మారక భవనం 1980 నుంచి ఉంది. అచ్చంగా తెలుగు వినాలనిపిస్తే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం ఉంది. ఉగాదికి, ఇతర సందర్భాలకు ఏమి జరుగుతున్నాయో ముందుగా కనుక్కొని పోవడం మంచిది.

నాటకాలు. తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారిలో వకీలుగా ఉండి, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడు భాషల్లో వేషం కట్టిన బళ్లారి రాఘవ మనవాడు. కాబట్టి నాటకాల్లో మనం పల్లెటూరి వాళ్లమని సంకోచించే పనిలేదు. జె.సి. రోడ్డులో రవీంద్ర కళాక్షేత్ర, జె.పి. నగరులో 2004లో తెరిచిన రంగశంకర ఉన్నాయి. రంగశంకర గురించి ఒక హెచ్చరిక: చెప్పిన నిమిషానికి తలుపులు మూస్తారు. తర్వాత కలెక్టరు వచ్చినా లోపలికి పంపరు. మన ఊర్లో పద్యనాటకం పది గంటలకని చెప్పి, హార్మోనియం శ్రుతి కుదిరేసరికి పన్నెండయ్యేది. కృష్ణుడు రంగప్రవేశం చేసేసరికి పిల్లలు చాపమీద నిద్రపోయేవారు. ఆ అలవాటుతో పోతే మాత్రం గేటు దగ్గరనుంచే వెనక్కి రావలసి వస్తుంది. నాటకం రాత్రి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు బిడ్డలలో ఎవరినైనా తోడు పిలవండి. వాళ్లకూ మంచిదే.

చైత్ర పౌర్ణమి రాత్రి కరగ. తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి తిగళ కులస్థుడొకాయన స్త్రీవేషంలో, ద్రౌపదమ్మ శక్తిగా భావించే పూల కరగం తలకెత్తుకొని రాత్రంతా పాత పేట వీధులు తిరుగుతాడు. దారిలో హజరత్ తవక్కల్ మస్తాన్ దర్గాకు కూడా పోతాడు. మన పక్క పీర్ల పండుగలో అన్ని కులాలవాళ్లు నిప్పుల గుండం చుట్టూ చేరడం చూసి పెరిగినవాళ్లకు ఇది అర్థమవుతుంది. కాని రాత్రంతా మేలుకోవాలి, జనం విపరీతం. బీపీ, షుగరు ఉన్నవాళ్లు పగటిపూట గుడి చూసుకొని రావడమే మేలని నా అభిప్రాయం.

కబ్బన్ పార్కు 1870 నాటిది. ఆదివారాలు లోపలి రోడ్లలో బండ్లను రానివ్వరు, కాబట్టి ఇదొక్కటి ఆదివారమే పోదగినది. ఎర్ర రంగు గ్రంథాలయ భవనం లోపలే ఉంది. పక్కన కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య పేరున 1962లో తెరిచిన పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం. ఆయన ఇంటిపేరు మోక్షగుండం మన ఆంధ్రలోని పల్లె. 1908లో మూసీ వరద వచ్చి హైదరాబాదు మునిగినాక మళ్లీ మునగకుండా పథకం గీసినదీ ఆయనే. మనవళ్లకు అది చెప్పి చూపిస్తే యంత్రాలు ఇంకా బాగుంటాయి. నెహ్రూ తారామండలంలో కన్నడ ప్రదర్శన కూడా ఉంటుంది, సోమవారం సెలవు. జనవరి మొదటి ఆదివారం కుమారకృప రోడ్డులో చిత్రకళా పరిషత్తు వారి చిత్రసంతె, 2003 నుంచి జరుగుతోంది. కొనకపోయినా చూడవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఖర్చు సంగతి చాలామంది అడుగుతారు. ఇద్దరికీ మెట్రో రానుపోను, ఒక టిఫిను, రెండు కాఫీలు. అంతే. ఆ డబ్బు బిడ్డల దగ్గర తీసుకోవద్దు. మన పింఛనులోంచి వారానికి ఒకపూటకని తీసిపెట్టుకుంటే చాలు. పోయేముందు ఇంటి చిరునామా, బిడ్డ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ చెరొకటి జేబులో, సంచిలో పెట్టుకోండి. ఫోనులో చార్జింగు అయిపోతుంది, కాగితానికి ఆ బాధ లేదు. మందులు, నీళ్ల సీసా, రెండు బిస్కెట్లు. ఒకరోజుకు ఒక చోటు. రెండు చోట్లు పెట్టుకుంటే రెండోచోట మోకాళ్లే గుర్తుంటాయి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. వచ్చే కార్తీకం చివరి సోమవారానికి కడలెకాయి పరిషెకు మన సంఘం తరఫున కొందరం కలిసి పోదామని నా ఆలోచన. పొద్దున అనంతపురం చేరి రైలెక్కితే మధ్యాహ్నానికి బెంగళూరులో ఉంటాం. రాత్రికి ఎవరి బిడ్డల ఇళ్లకు వాళ్లు పోయి, మంగళవారం పొద్దున గుడి దగ్గర కలుద్దాం. బిడ్డలు లేనివారికి తోటి సభ్యుల ఇళ్లలో చోటు చూస్తాం. వచ్చేవారు కోశాధికారి గారి దగ్గర నోటుపుస్తకంలో పేర్లు రాయించండి. ఒక్కొక్క వరుసలో రెండేసి పేర్లకు చోటు విడిచినాము, ఇంటామె పేరు కూడా రాయండి. మెట్రో కార్డు చూడాలనుకునేవాళ్లు కాఫీ దగ్గరికి రండి, నా జేబులోనే ఉంది.